ఒకే అడ్రసు, తప్పుడు నింద

కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడి మీద నేను తప్పుడు నింద వేశాను. నా దగ్గర "ఋజువు" కూడా ఉంది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

అప్పట్లో 32 బిట్ల లినక్స్ మెషీన్ మీద సి భాషలో పని చేసేవాళ్ళం. నా ప్రోగ్రాములో ఒక విలువ మధ్యలో దానంతట అదే మారిపోయేది. దాని అడ్రసు ప్రింట్ చేస్తే 08049640 అని వచ్చింది. మా జూనియర్ నా ప్రోగ్రామునే కాపీ చేసుకుని, కొద్దిగా మార్చి, అదే మెషీన్ మీద నడుపుతున్నాడు. అతని లాగ్‌లోనూ అదే అడ్రసు! ఇంకేం కావాలి? "నీ ప్రోగ్రామే నా డేటాని పాడు చేస్తోంది" అని అందరి ముందూ అనేశాను.

అతను వాదించలేదు. పది లైన్ల ప్రోగ్రాము రాసి, రెండు కాపీలు ఒకేసారి నడిపాడు. ఒకదానిలో 10, రెండోదానిలో 20 పెట్టాడు. రెండూ ఒకే అడ్రసు చూపించాయి. కానీ 10 పదిగానే ఉంది, 20 ఇరవైగానే ఉంది. "ఇప్పుడు చెప్పండి సార్" అన్నాడు.

విషయం ఏమిటంటే, ప్రోగ్రాముకి కనిపించే అడ్రసు ర్యామ్‌లోని అసలు చోటు కాదు. మా ఊళ్ళో 3-45 నంబరు ఇల్లుంది, మీ ఊళ్ళోనూ ఉండొచ్చు. అంతమాత్రాన రెండూ ఒకే ఇల్లు అయిపోవు కదా! ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి ప్రోగ్రాముకీ విడిగా ఒక పేజీ టేబుల్ ఉంచుతుంది. ఏ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో అందులో ఉంటుంది. ఆ మెషీన్‌లో ఒక్కో పేజీ 4096 బైట్లు. పేజీ డిస్కులో ఉంటే సిస్టమ్ తెచ్చి పెడుతుంది. అసలు ఇవ్వనిదైతే ప్రోగ్రామునే ఆపేస్తుంది. కావాలని పంచుకుంటే తప్ప, ఒకరి డేటా మరొకరికి అందదు. 1962 నాటి మాంచెస్టర్ అట్లాస్ కంప్యూటర్‌లోనే ఈ పేజీల పద్ధతి ఉంది. నాకు మాత్రం ఆ రోజు గుర్తు రాలేదు.

మరి దొంగ ఎవరు? నేనే. 10 గడుల అరేలో పదకొండో గడిలో రాస్తున్నాను. ఆ విలువ దాని పక్కనే ఉంది. రెండూ నాకిచ్చిన పేజీలోనివే కాబట్టి హార్డ్‌వేర్ అడ్డు చెప్పలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, పేజీ టేబుల్ మాత్రం పట్టలేదు.

మర్నాడు అందరి ముందే క్షమాపణ చెప్పాను. అడ్రసు నిజమే, లాగ్ నిజమే. అంకె ఒకటే కాబట్టి చోటు కూడా ఒకటేననుకోవడమే నా తప్పు. పది నిమిషాల పరీక్షతో తేలిపోయేది. ఆ పరీక్ష చేయాల్సింది నింద వేసిన నేను, నింద పడ్డ అతను కాదు.