రెండో నంబరు మీద ఫ్యాను

మా కారుకి పదిహేడేళ్లు. మావాడికన్నా మూడేళ్లు పెద్దది. వాడు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే.

ఈ డిసెంబర్లో దాని హీటర్ ఫ్యాను మొరాయించింది. ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద ఉలుకూ పలుకూ లేదు. నాలుగు మీద పెడితే రైస్ మిల్లు మోత. మిషిగన్ చలిలో వేడి వస్తోంది, అదే చాలనుకుని మూడు వారాలు నడిపాను. నిజం చెప్పొద్దూ, ఆ మోత ఒకందుకు బాగానే ఉండేది. తొమ్మిదో క్లాసుకొచ్చాక మావాడు నాతో మాట్లాడటం బాగా తగ్గించేశాడు. స్కూలుకి ఇరవై నిమిషాల దారి. మాటల్లేకపోవడాన్ని ఆ చప్పుడు మీదకి నెట్టేసేదాన్ని.

ఓ సోమవారం పొద్దున దారిలో ఉండగానే నాలుగో నంబరు కూడా పోయింది. రెండు నిమిషాల్లో మా ఊపిరికే ముందద్దమంతా ఆవిరి పట్టేసింది. ఎదురుగా స్కూలు బస్సు ఎర్ర లైట్లు మసకమసగ్గా కనిపించాయి. మావాడు స్వెట్టర్ చేత్తో గబగబా అద్దం తుడుస్తుంటే ఎలాగో పక్కకి తీసి ఆపాను. కాళ్ల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

షాపులో మోటారు మార్చాలన్నారు, 480 డాలర్లు. మా వారు వారమంతా వేరే ఊళ్లో ప్రాజెక్టు మీద ఉంటారు. ఫోన్లో ఒకటే మాట, "అమ్మేద్దాం." అమ్మేస్తే కొత్తది కొనేదాకా నేను ఇంట్లో కూర్చోవాలి. ఆ సంగతి ఆయనకి తట్టదు.

రాత్రి మావాడే వచ్చాడు. "మోటారు కాదేమో అమ్మా. ముందు రెసిస్టర్ చూద్దాం." ఫ్యాను వేగం తగ్గించేది ఆ చిన్న ముక్కేనట. నాలుగో నంబరుకి దాని చుట్టలతో పనిలేదు, కరెంటు నేరుగా పోతుంది. అందుకే మిగతా మూడూ ముందే పోయాయన్నమాట. వాడు నాతో అన్ని మాటలు వరసగా మాట్లాడి ఎన్నాళ్లయిందో!

శనివారం గరాజ్‌లో బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, గ్లవ్‌బాక్స్ విప్పాం. నేను టార్చి పట్టుకున్నాను, వాడు సీటు ముందు వెల్లకిలా పడుకున్నాడు. రెసిస్టర్‌కి తగిలించే ప్లగ్గు అడుగంటిన గిన్నెలా నల్లగా మాడి, కరిగిపోయి ఉంది. నాకైతే అది మార్చేస్తే పని అయిపోయినట్టే. వాడు ఒప్పుకోలేదు. "ఎందుకు కాలిందో చూడాలి కదా" అంటూ మూడు స్క్రూలు తీసి మోటారు కిందకి లాగాడు. దాంతోపాటు వాడి మొహం మీద కాగితపు పీలికలు, దూది, గుప్పెడు పల్లీల పొట్టు పడ్డాయి.

ఎలుక గూడు! దసరాకి ముందు ఇండియన్ స్టోర్ నుంచి తెస్తుంటే వెనక సీట్లో పల్లీల సంచి చిరిగింది. ఏరాననే అనుకున్నాను. ఆ చెత్త అడ్డుపడి ఫ్యాను తిరగలేక తిరుగుతూ, ఎక్కువ కరెంటు లాగి ప్లగ్గుని మాడ్చేసింది. వాడు పొట్టు ఉమ్ముకుంటూ పడీపడీ నవ్వాడు. నేనూ కింద కూలబడి నవ్వాను.

కొత్త రెసిస్టర్, ప్లగ్గు కలిపి 42 డాలర్లు. తీగలన్నీ ఒకేసారి కత్తిరించబోతే వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఒకటి కత్తిరించి, దాన్ని కలిపాకే రెండోది.

సోమవారం రెండో నంబరు మీద పెట్టాను. వెచ్చటి గాలి వస్తోంది, చప్పుడు మాత్రం లేదు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడాలో తెలీక రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

"అమ్మా, ఈసారి పల్లీలు డిక్కీలో పెట్టు" అన్నాడు.