తలుపు వెనుక మనిషి

శ్రీకాకుళం ప్రాంతంనుండి ఓడనెక్కి అండమానుకు కూలిపనికి వచ్చినవారిలో మా తండ్రి ఒకరు. నేను పుట్టి పెరిగినది ఇక్కడనే. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌లో, అబర్దీన్ బజారు నడుమ ఒక గడియారస్తంభం ఉన్నది. దాని ప్రక్కగా నడిచినప్పుడెల్లా నాకు ‘హై నూన్’ చిత్రం జ్ఞాపకం వస్తుంది.

1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన ఆ చిత్రంలో గడియారం కూడా ఒక పాత్రయే. ఊరిలో శాంతిభద్రతలు కాపాడిన విల్ కేన్‌కు ఆనాడే పెండ్లి అయినది. ఉద్యోగం వదలుకొన్నాడు. తాను చెరకు పంపిన దుర్మార్గుడొకడు విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలులో వస్తున్నాడని అప్పుడే వార్త వచ్చినది. ఊరివారే అతనిని భార్యతో బండి ఎక్కించి సాగనంపినారు. కొంత దూరం పోయి, అతడు బండిని వెనుకకు త్రిప్పినాడు. తోడు రమ్మని చర్చిలోనూ, ఇండ్లలోనూ అడిగినాడు. తుదకు భార్య తప్ప మరెవ్వరూ అక్కరకు రాలేదు. గారీ కూపర్ ముఖంలో వీరత్వంకంటె భయం, అలసట ఎక్కువగా కనిపిస్తాయి. గెలిచిన పిమ్మట అతడు సంబరపడడు. ఉద్యోగచిహ్నమైన నక్షత్రాన్ని మట్టిలో పారవేసి వెళ్ళిపోతాడు.

మరుసటి యేట వచ్చిన ‘షేన్’ చిత్రనాయకుడూ ఇట్టివాడే. తుపాకి విడిచి ఒక రైతు ఇంట పనిచేసుకొని బ్రతుకుదామనుకొన్నవాడు. ఆ ఇంటివారి కొరకే దానిని మరల పట్టి, పట్టినందువల్లనే ఆ ఇంట నిలువలేక వెళ్ళిపోయినాడు.

1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో గుర్రాన్నీ, టోపీనీ, తుపాకినీ చూచి తెలుగువారు మురిసిపోయినారు, నేనూ మురిసినవాడనే. వయస్సు మీరినకొద్దీ ఆ హంగులన్నీ చిన్నవైపోయి, వెనుకకు మళ్ళిన కేన్ బండి ఒక్కటే మనస్సులో మిగిలినది. ఏల మిగిలినదో తెలియడానికి చాలకాలం పట్టినది.

‘హై నూన్’లో ఒక చిన్న ఘట్టం ఉన్నది. కేన్ ఒక మిత్రుని తలుపు తట్టుతాడు. లోపలనే ఉన్న ఆ పెద్దమనిషి తాను ఇంట లేనని భార్యచేత చెప్పిస్తాడు. ఆ ఇల్లాలి ముఖం చూడగానే నా గొంతు ఎండిపోయినది. ఉద్యోగకాలంలో నా తోటివాడొకడు, చేయని తప్పుకు శిక్ష పడనుండగా, నిజం తెలిసిన నన్ను సాక్ష్యం చెప్పుమని ఒక వానరాత్రి మా ఇంటికి వచ్చినాడు. నేను గదిలో కూర్చుండి, “వారు ఇంట లేరు” అని నా భార్యచేత చెప్పించినాను. వాకిట నా చెప్పులు కనబడుతూనే ఉన్నవి. అతడు వాటివంక చూచి, గొడుగు విప్పుకొని వెళ్ళిపోయినాడు.

అబర్దీన్ బజారుకు దగ్గరలోనే సెల్యులర్ జైలు ఉన్నది. అటువైపు పోయినప్పుడు దివాన్ సింగ్ కాలేపానీ గారిని తలచుకొంటాను. ఆయన వైద్యులు, పంజాబీ కవి. 1927లో ఉద్యోగరీత్యా ఈ దీవులకు వచ్చినారు. రోగులను చూచుకొంటూ, కవిత్వం వ్రాసుకొంటూ నిమ్మళంగా బ్రతుకదగినవారు. 1942 మార్చిలో జపాను సైన్యం దీవులను ఆక్రమించినది. ప్రజల పక్షాన నిలిచిన ఆయనపై గూఢచారి అన్న నింద మోపి, 1943లో నిర్బంధించి, చిత్రహింసలు పెట్టినారు. 1944 జనవరి 14న ఆ జైలులోనే ఆయన మరణించినారు. ఆయన చేతిలో తుపాకి లేదు. ఆ కథ చివర విజయమూ లేదు.

పాత వెస్టర్న్ చిత్రాలు ఇంతకాలం నిలుచుటకు కారణం వీరుని గురి తప్పని తుపాకి కాదని నాకు తోస్తుంది. మనలో పెక్కుమందిమి తలుపు వెనుక కూర్చున్నవారమే. ఆ చప్పుడు మరల ఒకమారు వినిపించి, ఈసారి ఏమి చేస్తావని ఆ చిత్రాలు మనలను అడుగుతాయి.

నా తోటివాడు పిమ్మట ఈ దీవిని విడిచిపోయినాడు. అతని ఓడ బయలుదేరిన నాడు నేను రేవుకైనా పోలేదు.