చీటీలు

నాన్నగారు ఆరు నెలలుందామని ఎడిసన్‌లో మా ఇంటికొచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. న్యూజెర్సీ చలికి బయటికెళ్ళే దారిలేక, నా పాత లాప్‌టాప్ ముందేసుకుని తన జీవితకథ టైపు చెయ్యడం మొదలుపెట్టారు. అందులో ఉన్నది మా కంపెనీ ఎడిటరే. రాయడానికి పేజీ వ్యూ, చదువుకోడానికి పెద్దక్షరాల రీడింగ్ వ్యూ.

ఓ శనివారం ఆయన బల్ల సర్దుతుంటే కిరాణా రసీదుల వెనక రాసిన చీటీలు కనిపించాయి. ఒక్కోదాని మీద సగం వాక్యం. "అప్పటికింకా అక్కయ్య పెళ్ళి", "కాలవగట్టు మీద సైకిలు"...

"ఇవేమిటి నాన్నగారూ?"

"వ్యూ మారిస్తే మొదటి పేజీకి పోతోందిరా. మళ్ళీ వెతుక్కోవాలిగా."

నా మొహం చూడాల్సింది అప్పుడు. రెండేళ్ళ క్రితం ఇదే ఫిర్యాదు నా దగ్గరికొచ్చింది. "చిన్న విషయం" అని రాసి పక్కన పెట్టింది నేనే. మేం పరీక్షించే డాక్యుమెంట్లు మూడు పేజీలకి మించవు. ఆయనది 140 పేజీలు.

సోమవారం ఆ ఫిర్యాదు మళ్ళీ తెరిచాను. పైనుంచి ఎన్ని పిక్సెళ్ళు దిగామన్న లెక్కని వ్యూ మారగానే సున్నా చేసేస్తున్నాం. సున్నా చెయ్యడం మానేస్తే చాలనుకున్నాను. చాల్లేదు. అక్షరం పెద్దదైతే లైన్లు ఇంకోచోట విరుగుతాయి. అదే ఎత్తులో వేరే పేరా ఉంటుంది. శాతం లెక్క కట్టాను. ఆయన పెట్టిన ఫోటోలు రీడింగ్ వ్యూలో చిన్నవైపోయి అదీ తప్పింది. పోనీ కర్సరున్న చోటికి తీసుకెళ్దామంటే, "రాసేది ఒకచోట, తిరగేసి చూసుకునేది ఇంకోచోట కదరా" అన్నారు.

"మరి చీటీ మీద పేజీ నంబరు వేసుకోవచ్చుగా?"

"వ్యూ మారితే అదీ మారుతోంది. మాట మారదుగా!"

నలుగురం ఇంజనీర్లం రెండు వారాలు తలలు పట్టుకున్నది దీనికే. తెర మీద పైలైన్లో మొదటి అక్షరం ఏ పేరాలో ఎన్నోదో గుర్తుపెట్టుకుని, కొత్త వ్యూ సర్దుకున్నాక ఆ అక్షరాన్ని వెతికి, మళ్ళీ పైకి తెచ్చి నిలబెట్టాం. ఫోటోలు ఆలస్యంగా వచ్చి కిందికి తోసేస్తే ఇంకోసారి నిలబెట్టాలి.

కొత్త వెర్షన్ వచ్చేసరికి ఆయన తెనాలి వెళ్ళిపోయారు. ఇన్‌స్టాల్ చేయించి ఫోన్ చేశాను.

"బాగుందిరా, ఉన్నచోటే ఉంటోంది."

"అయితే చీటీలు మానేశారా?"

"ఎందుకు మానేస్తాను? కరెంటు పోతేనో?"