మట్టి ఎక్కడ పోసినారు?

కాశీబుగ్గలో ఆటో ఎక్కేటప్పుడు నేను పెట్టుకున్న పని ఒక్కటే. మా మావయ్యను కదలకుండా కూర్చోబెట్టి, బహ్రెయిన్‌లో ఆయన చేసిన తవ్వకాల పని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అడిగి రాసుకోవాలి. రాసుకొచ్చింది మాత్రం ఆఖరి పది రోజుల సంగతే. మొదటి రోజులు ఆయనకు గుర్తులేవు. గుర్తున్నా చెప్పుకోదగ్గవి కావనుకుంటాడు. "మొదట్లో ఏటుంటాది? తవ్వమన్నారు, తవ్వినాం" అని తేల్చేశాడు.

అక్కుపల్లి మా అమ్మ పుట్టిల్లు. కొబ్బరి, జీడి తోటలు, వాటి చివర సరుగుడు, ఆ వెనక ఇసక, సముద్రం. ఇప్పుడు దాన్ని శివసాగర్ బీచ్ అంటున్నారు, ఆదివారం వస్తే పలాస కుర్రాళ్ళ బైకులు వరసకడతాయి. నా చిన్నప్పుడు మా ఇంట్లో దానికి పేరు లేదు, ఒడ్డు అనేవాళ్ళం, అంతే.

నేను వెళ్ళేసరికి మావయ్య ఇంట్లో లేడు. "తోటలో గొయ్యి తీస్తన్నాడు. కొబ్బరిమొక్కకట. గొయ్యి తియ్యడానికి రెండ్రోజులు పడతాదా ఎవులికైనా?" అంది అత్త, నా చేతిలో సంచి అందుకుంటూ.

వెళ్ళి చూశాను. మూడడుగుల లోతు గొయ్యి. ఇసక నేలలో గొయ్యి తీస్తే అంచులు జారిపోతాయి, ఎవరూ పట్టించుకోరు, మొక్క పెట్టి పూడ్చేదే కదా. ఈ గోతికి నాలుగు గోడలూ కత్తితో కోసినట్టున్నాయి. మూలలు మూలల్లా ఉన్నాయి. అరవై అయిదు దాటిన మనిషి అడుగున గొంతుక్కూచుని, చిన్న తాపీతో గోడను గీకుతున్నాడు.

"అల్లుడా, అంచు మీదకి రాకు. ఎనక్కుండు."

పలకరింపు అదే. తవ్వకాల్లో అంచు మీద నిలబడడం మహాపాపం అని తర్వాత చెప్పాడు. గోడ కూలితే అందులో ఉన్న వరసంతా కలిసిపోతుంది, మళ్ళీ విడదీయలేం. తాపీతో పొడవకూడదు, తనవైపు లాగాలి. ఆ లాగడం నేర్చుకోవడానికే నెల పట్టిందట. మేస్త్రీ తాపీ వేసినట్టు లాగితే అక్కడి సూపర్వైజరమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసేదట.

చెంబుతో నీళ్ళు తెమ్మన్నాడు. గోడ మీద చిలకరించాడు. అప్పటిదాకా ఒకే రంగులో ఉన్న ఇసక నా కళ్ళముందే విడిపోయింది. పైన వేలెడు మందం నల్లటి పొర, ఆకూ అలమూ కుళ్ళింది. దాని కింద ఎర్ర ఇసక. ఎడమ పక్కన మాత్రం ఆ ఎరుపును కోసుకుంటూ, సంచిలాగా కిందికి దిగిన తెల్లటి ఇసక. సంచి అడుగున నల్లటి మరక, నాలుగు పీచులు.

"ఇది తిత్లీ" అన్నాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను అది. ఉద్దానంలో కొబ్బరి, జీడి వేళ్ళతో సహా లేచిపోయాయి. చెట్టు పడితే వేరుముద్ద పైకి లేచి అక్కడ గొయ్యి పడుతుంది, ఆ గోతిలోకి గాలికీ వానకీ కొత్త ఇసక చేరుతుంది. తెల్ల సంచి అదీ. "కొత్తది పాతదాన్ని కోసింది సూడు. కోసినదెప్పుడూ తరవాతదే. ఆ ముక్కే వాళ్ళు మాకు నేర్పింది. మిగతాదంతా మట్టి మొయ్యడమే." ఇంత చెప్పి, మొక్క ఆ మరక మీద పెట్టనని, గొయ్యి రెండడుగులు కుడికి జరుపుతానని అన్నాడు. అత్తకి ఇంకో రెండు రోజులు కోపం ఖాయం.

ఆయన బహ్రెయిన్‌కు 1990లలో వెళ్ళాడు. వీసా మీద హెల్పర్ అని ఉంది. వెళ్ళాక కంపెనీ సెంట్రింగు పనికి పంపింది, ఓ శీతాకాలం మాత్రం పదిమందిని ఏరి దిబ్బల దగ్గర దింపింది. ఇళ్ళూ రోడ్లూ పడబోతున్న చోట సమాధుల దిబ్బలుంటే, బుల్డోజరు రాకముందే తవ్వి రాసుకునే పని. బహ్రెయిన్‌లో అలాంటి దిబ్బలు వేలల్లో ఉన్నాయి. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినవే 21 చోట్ల కలిపి 11,774. క్రీ.పూ. 2200 నుంచి 1750 మధ్య కట్టినవి. ఆ కాలంలో ఆ దీవి పేరు దిల్మున్. సింధు లోయ తూకంరాళ్ళ పద్ధతిలోనే అక్కడి వర్తకులు సరుకు తూచారు. 1984-85లో మన పురావస్తు శాఖ నుంచి కె.ఎం. శ్రీవాస్తవ బృందం వెళ్ళి హమద్ టౌన్‌లో దిబ్బలు తవ్వింది కూడా. ఇదంతా నేను చెబితే మావయ్య శ్రద్ధగా విని, "ఓహో, తూకంరాళ్ళా" అని ఊరుకున్నాడు. ఆయన చూసినదాంట్లో తూకంరాళ్ళు లేవు మరి.

"ఆఖరి రోజులొచ్చినాయని ఎలా తెలిసింది మావయ్యా?"

"గునపాలు లోపలెట్టీసినారు. తాళమేసీసినారు. అప్పుడు తెలిసింది."

అక్కడినుంచి పనంతా కుంచెలతోనూ కలంతోనూ. ఆఖరి రోజుల్లో పెద్ద పండగ ఫొటో తీసే రోజట. సూర్యుడు పైకొస్తే నీడలు పడతాయి కాబట్టి చీకటుండగానే చేరాలి. ముందు గోడలు తుడవాలి, రాయి రాయికీ మధ్య మట్టి తియ్యాలి, ఆ తర్వాత నేల. నేలను తుడుచుకుంటూ వెనక్కి రావాలి, మన అడుగు మనమే చెరుపుకుంటూ. "మీ అమ్మమ్మ ముగ్గేసి ఎనక్కొచ్చినట్టే. ఆఖరికి నిచ్చెన మీదకి కాలెట్టి, కింద నిలబడ్డ సోటు కూడా తుడిసీసి పైకెక్కాల." పైకెక్కాక చూస్తే ఆ సమాధి గదిలోకి నాలుగువేల ఏళ్ళుగా మనిషి దిగనట్టుండేదట. ఫొటోలో వాళ్ళు ఉండకూడదు, వాళ్ళ అడుగూ ఉండకూడదు. ఆ పని బాగా చేసినవాడు మావయ్యేనని పొద్దున్నే ఆయన్నే పిలిచేవారు. ఇది చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనిపించిన గర్వం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

పెంకుల సంగతి వేరు. దొరికిన ప్రతి కుండపెంకునీ పళ్ళ బ్రష్షుతో కడిగి, గోనెల మీద ఆరేసి, ఆరాక వెనకవైపు సిరాతో అంకె వెయ్యాలి. అంకె వెయ్యడం చదువుకున్నవాళ్ళ పని, కడగడం వీళ్ళది. చుట్టూ గట్లు గట్లుగా ఉండే ఎర్ర కుండలు. "మన ఒడ్డున సేపలు ఆరబెట్టినట్టే. కాకులు నేవు, అంతే." దగ్గర్లోనే ఆలీ అనే ఊళ్ళో ఇప్పటికీ కుమ్మరులు సారె తిప్పుతారు. ఓ శుక్రవారం వెళ్ళి చూసొచ్చాడట. దిబ్బ కిందా కుండే, దిబ్బ పక్కనా కుండే.

సమాధిలో దొరికిన మనిషి సంగతి అడిగితే కాసేపు తాపీ అంచు చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత చెప్పాడు. రాతి గదిలో కుడిపక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, చేతులు మొహం దగ్గర పెట్టుకుని ఉన్నాడు. చలికి ముడుచుకున్నవాడిలా. పక్కన ఒక కుండ. ఎముకలు ఒక్కొక్కటే గీసి, రాసి, దూదిలో చుట్టి డబ్బాల్లో పెట్టారు. "డబ్బా సిన్నది. అంత మనిషి అందులో పట్టీసినాడు." డబ్బా లారీ దాకా మోసినవాడు ఈయనే. ఆ రోజు మధ్యాహ్నం చేపలు తినలేదట. ఎందుకని అడిగాను. తినాలనిపించలేదన్నాడు.

ఆ పది రోజుల్లో ఆయన ఎక్కువగా చేసింది టేపు పట్టుకోవడం. గది గోడలు, ప్రతి రాయి, గళ్ళకాగితం మీద గియ్యాలి. సూపర్వైజరమ్మ కాగితం పట్టుకుని పైన కూచునేది. ఈయన కింద గుండు వేలాడదీసి, దారం నుంచి రాయికి ఎంతుందో చదివి చెప్పాలి. అంకెలన్నీ ఇంగ్లీషులో. "వన్ పాయింట్ త్రీ సెవెన్" అని ఇప్పటికీ తడుముకోకుండా అంటాడు. "ఆ బొమ్మలో సుక్కలన్నీ నా నోట్లోంచి వొచ్చినవే అల్లుడా. నాను తప్పు సెప్తే రాయి తప్పు సోట ఉంటాది. నాను తప్పు సెప్పనేదు."

తవ్వకాల నివేదికలు నేను కొన్ని తిరగేశాను. చివర్లో కూలీలకు ఒక వాక్యం కృతజ్ఞత ఉంటే ఉంటుంది. బొమ్మ కింద గీసినవారి పేరు ఉంటుంది. అంకె చదివినవాడికి చోటు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఆఖరి రోజు టీ, కేకు. అందరూ నిలబడి ఫొటో. ఈయన్నీ పిలిచారు, వెళ్ళి నిలబడ్డాడు. ఆ ఫొటో ఈయన చేతికి రాలేదు. సాయంత్రం దారాలు చుట్టి, మేకులు పీకి, మేకులు లెక్కపెట్టి అప్పజెప్పారు. రెండు తక్కువొచ్చాయి, వెతికి తెచ్చారు. మర్నాడు కంపెనీ బస్సు ఆ దారిన వెళ్ళలేదు. మళ్ళీ సెంట్రింగు. ఓ నెల తర్వాత వేరే పనికి అటు వెళ్తే దిబ్బ లేదు, చదునుగా రోడ్డుకి గీతలు గీసి ఉంది. "కోపం రానేదా?" అన్నాను. "ఎందుకొస్తాది? అందుకే కదా మమ్మల్ని తవ్వమన్నారు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం శాలిహుండం బయల్దేరాం. వెళ్దామన్నది నేనే. ఇంత పనిచేసిన మనిషి సొంత జిల్లాలోని తవ్వకం చూడలేదంటే నాకేదో చిన్నతనంగా అనిపించింది. టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట మీదుగా వెళ్ళి, ఆటో పట్టి, వంశధార దక్షిణ ఒడ్డున కొండ కింద దిగాం.

ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో లోకం దృష్టికి తెచ్చింది గిడుగు రామమూర్తి. ఆయనదీ వంశధార ఒడ్డే, ముఖలింగం దగ్గర పర్వతాలపేట. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి వెలికి తెచ్చిన కొండ ఎక్కుతూ, మావయ్య మాటను నా పుస్తకంలో పత్రికల భాషలోకి దిద్దేస్తున్నానని గుర్తొచ్చి సిగ్గేసింది. మెట్ల మీదే కూచుని కొన్ని మాటలు మళ్ళీ ఆయన అన్నట్టే రాసుకున్నాను.

1940లలో టి.ఎన్. రామచంద్రన్, 1950లలో ఆర్. సుబ్రహ్మణ్యం ఇక్కడ తవ్వించారు. ఇటుక స్తూపాలు, చైత్యాలు, ధాతువులు దాచిన పేటికలు, బ్రాహ్మీ అక్షరాలు గీసిన మట్టిపాత్రల పెంకులు బయటపడ్డాయి. మారీచి, తార విగ్రహాలు ఉన్నాయంటే ఇక్కడ బౌద్ధం చాలాకాలమే నిలిచింది. ఇదే సుబ్రహ్మణ్యం తర్వాత నాగార్జునకొండకు వెళ్ళారు. అక్కడ 1954 నుంచి 1960 దాకా నీళ్ళతో పందెం వేసి తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక లోయకు గడువు పడింది, కట్టడాలు కొన్నిటిని ఎత్తి కొండ మీదా అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. తెలుగు నేల మీద ఒక తవ్వకానికి ఆఖరి రోజులంటే నాకు గుర్తొచ్చేది అదే. ఎక్కడైనా ఆ నేల ఇంకెవరికో కావలసి వచ్చినప్పుడే తవ్వకం తొందరపడుతుంది. శాలిహుండానికి ఆ తొందర లేకపోయింది. అందుకే ఇవాళ ఎక్కి చూడగలుగుతున్నాం. పైనుంచి వంశధార, అది కలిసే చోట కళింగపట్నం, సముద్రం.

ఇది నేను ఉత్సాహంగా చెబుతున్నాను. మావయ్య వినడం లేదు. స్తూపం చుట్టూ ఒకసారి తిరిగి, ఏ వరస పాతదో, ఏ వరస మరమ్మతులో పెట్టిందో ఇటుక అంచు తడిమి చెప్పాడు. చైత్యం లోపలికి రానన్నాడు, చెప్పులు విడవాలని కాదు, "తుడిసిన నేల మీద ఊరికే నడవకూడదు" అని. తర్వాత కాపలా మనిషి దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"బావూ, తవ్వినప్పుడు మట్టి ఎక్కడ పోసినారు?"

"మట్టా? ఏం మట్టండీ?"

"ఇక్కడ ఇంత ఎత్తు మట్టి ఉండాల గదా. తీసినారు గదా. ఎక్కడ పోసినారని."

ఆ కుర్రాడు నవ్వి, మ్యూజియంలో బొమ్మలున్నాయి చూడండి తాతా అన్నాడు. నేను ఆ బొమ్మల దగ్గర గంటసేపున్నాను. బయటికొచ్చేసరికి మావయ్య కనబడలేదు. పిలిస్తే కొండ పక్కవాలు నుంచి పలికాడు. పొదల మధ్య, నేల కొద్దిగా పొట్టలా ఉబ్బిన చోట నిలబడున్నాడు. మడమతో నొక్కి చూపించాడు, అక్కడ నేల మెత్తగా దిగుతోంది.

"ఇదే. ఇక్కడ పోసినారు."

"ఎలా తెలుసు?"

"తట్ట మోసినోడు ఇంతకంటే దూరం ఎల్లడు."

వెనక్కి తిరిగి స్తూపం వైపు చూశాను. నిజమే, వాలు మొదలయ్యే చోటే. ఎండ మండిపోతుంటే బరువు నెత్తిన పెట్టుకుని ఇంకో నాలుగడుగులు ఎవరు వేస్తారు? మావయ్య వంగి ఒక పెంకు తీశాడు. బొటనవేలితో మట్టి తుడిచి, వెనక్కి తిప్పి చూశాడు. అంకె లేదు. ఎలా ఉన్నదాన్ని అలా బోర్లించి, తీసిన చోటే పెట్టేశాడు.

"పద, నరసన్నపేట బస్సు తప్పిపోతాది. గొయ్యి అలాగే ఒదిలీసొచ్చినాను."