దరువు గుండెకు తగలాలంటే

ఈ వేసవిలో మా ఇంట్లో "కూరలో ఉప్పు సరిపోయిందా" అన్న మాటకంటే ఎక్కువగా వినిపించింది "బేస్" అన్న మాట. మా అబ్బాయి విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి అరకు వస్తూ వస్తూ, వాళ్ల సీనియర్ దగ్గర చవగ్గా కొన్న రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ బస్సులో వేసుకొచ్చాడు. సబ్‌వూఫర్ అంటే తెలియనివాళ్లకి చెబుతున్నా, లోతైన శబ్దాలు మాత్రమే పలికే నల్ల పెట్టె అది. చూడ్డానికి మన బియ్యం డబ్బాలా ఉంటుంది.

దాన్ని హాల్లో టీవీ పక్కన మూలకి పెట్టాడు. మొదటి రోజు అందరికీ సరదాగానే ఉంది. రెండో రోజు నుంచి పేచీ మొదలైంది. వాడేమో "దెబ్బ తగలట్లేదమ్మా" అంటూ పెంచుతాడు. అత్తయ్యేమో "తలలో రోలు దొర్లినట్టుంది, ఒక్క మాటా తెలియడం లేదు" అంటారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. రాత్రి భోజనాలయ్యాక అందరం కలిసి పాత సినిమా చూడటం మా ఇంటి అలవాటు. నాలుగో రోజుకి ఆవిడ కంచం తన గదిలోకే తెచ్చిపెట్టమన్నారు. మనవడి మీద కోపంతో కాదు, "నా కోసం పిల్లాడి సరదా ఎందుకు పాడుచేయడం" అని. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఒకసారి గదిలో భోజనం అలవాటైన పెద్దవాళ్లు మళ్లీ హాల్లోకి రావడం ఎంత కష్టమో మీలో చాలామందికి తెలుసు.

మా వారు ఎప్పటిలాగే "నువ్వే ఏదో ఒకటి తేల్చు" అని పేపర్ వెనక్కి వెళ్లిపోయారు. సరే, తేలుద్దామని వాణ్ణి కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాను. చదివింది బి.ఏ. తెలుగే అయినా, ఇంట్లో పేచీ తీర్చాలంటే భౌతికశాస్త్రమైనా నేర్చుకోక తప్పదు కదా!

మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందట. కింది వైపు శబ్దాలకి చెవి అంత చురుకు కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి కొలిచి చెప్పారు. అందుకే బేస్ వినబడాలంటే మిగతా శబ్దాలకంటే చాలా బలంగా రావాలి. ఇక వయసు మీదపడితే ముందుగా తగ్గేది పై శబ్దాల వినికిడి. మాటలో స, శ, త, క లాంటి హల్లుల్ని పోల్చుకునేది ఆ పై శబ్దాలతోనే. అంటే అత్తయ్యకి పెట్టెలోంచి వచ్చే మోత పూర్తిగా అందుతోంది, మాట సగమే అందుతోంది. ఆ మోత పెరిగేకొద్దీ ఆ సగం మాటని కూడా కప్పేస్తోంది. ఆవిడ చాదస్తమేమీ లేదు.

అయితే ఆవిడకి దరువంటే పడదా అంటే, అదీ కాదు. రెండేళ్ల క్రితం చైత్రంలో ఇటుకల పండక్కి దగ్గర్లోని ఊరికి వెళ్లాం. థింసా ఆడుతున్నారు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు కలుపుకుని వరసగా అడుగు వేస్తుంటే, పక్కన తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు. ఆ చలిగాలికి డప్పు చర్మం వదులైతే మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకుని మళ్లీ వాయించారు. వాయించేవాళ్లకి పది అడుగుల దూరంలోనే అత్తయ్యకి కుర్చీ వేశారు. గంటన్నర కూర్చున్నారు. కాలితో తాళం వేస్తూనే ఉన్నారు. ఒక్కసారి కూడా తల నొప్పన్నది లేదు. మా వాడి గుండెకి తగిలిన దెబ్బా అదే. ఇంట్లో వాడు వెతుక్కుంటున్నదీ అదే.

మరి అక్కడ ఇద్దరికీ నచ్చిన దరువు ఇంటికొచ్చేసరికి ఎందుకు ఎవరికీ నచ్చలేదు?

ఆరుబయట గోడలు లేవు. దెబ్బ పడింది, మనల్ని తాకింది, దాటిపోయింది. తరవాతి దెబ్బకి చోటు మిగిలింది. గదిలో అలా కాదు. మా హాలు పొడవు 12 అడుగులు. శబ్దం ఆ గోడ నుంచి ఈ గోడకి వెళ్లి తిరిగి రావడానికి 24 అడుగులు, అంటే సుమారు 7.3 మీటర్లు. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. భాగిస్తే 47 వస్తుంది. అంటే 47 హెర్ట్జ్ దగ్గర ఉన్న శబ్దం మా హాల్లో ఊయల ఊగినట్టు ఊగుతూ ఉండిపోతుంది. లోతైన బేస్ శబ్దాలు ఉండే చోటే అది. ఆ ఊపు రెండు గోడల దగ్గరా బాగా ఎక్కువ, గది మధ్యలో దాదాపు శూన్యం.

ఈ ముక్క వినగానే నేను లేచి హాల్లోకి వెళ్లి చూశాను. అత్తయ్య కుర్చీ వెనక గోడకి ఆనించి ఉంది. మా వాడి మడత మంచం సరిగ్గా గది మధ్యలో ఉంది. వాడికి బేస్ అందడం లేదు కాబట్టి పెంచుతున్నాడు. పెంచినదంతా వెళ్లి ఆవిడ నెత్తిన పడుతోంది. పైగా మూలన పెట్టిన పెట్టె ఆ ఊపుని ఇంకా రెచ్చగొడుతోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా మనుషుల్లో కాదు, కూర్చున్న చోట్లలో ఉంది.

తరవాత చేసిన పని మీరు చూసుంటే నవ్వేవాళ్లు. సబ్‌వూఫర్‌ని తీసుకెళ్లి అత్తయ్య కుర్చీలో కూర్చోబెట్టాం. దరువున్న పాట ఒకటి పెట్టి, నేనూ మా వాడూ గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ విన్నాం. మూలల్లో ఒకటే మోత. పొడుగు గోడ మధ్యకి వచ్చేసరికి ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించింది. పాలు పోయడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడి "ఏం పోయిందమ్మా?" అని తనూ వెతకబోయింది. ఎక్కడ బాగా వినిపించిందో పెట్టెని అక్కడ పెట్టాం. గది ఇటునుంచి అటు ఎలా పనిచేస్తుందో, అటునుంచి ఇటూ అలాగే పనిచేస్తుందట. అత్తయ్య కుర్చీని గోడకి మూడడుగులు ముందుకి జరిపాం. మంచాన్ని మధ్యలోంచి తప్పించాం.

మిగిలినవి చిన్న చిన్న సర్దుబాట్లు. దరువు బరువు సబ్‌వూఫర్ నుంచి వస్తే, పుల్ల చర్మానికి తగిలే చురుకు మామూలు స్పీకర్ల నుంచి వస్తుంది. రెండూ ఒకేసారి చెవికి చేరితేనే అది "దెబ్బ". లేకపోతే ఉత్త గుడగుడ. ఆ రెండింటి మధ్య పని పంచే మీటని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాడు. ఫేజ్ అనే మీటకి సున్నా, 180 అని రెండు స్థానాలున్నాయి. రెండూ మార్చి మార్చి విని, దరువు నిండుగా ఉన్నదాన్ని ఉంచాం. షోకేసులో గ్లాసుల కింద గుడ్డ పరిచాను, కిటికీ రెక్కకి కాగితం మడిచి దోపాను. అవి గలగలమంటుంటే ఎంత మంచి దెబ్బయినా చెడిపోతుంది. మందం పరదాలు వేద్దామా అంటే, అవి పై శబ్దాలనే మింగుతాయి కానీ ఇంత లోతు శబ్దాన్ని ఆపలేవన్నాడు. ఆ ఖర్చు తప్పింది.

అన్నీ అయ్యాక శబ్దం తగ్గించింది మా వాడే. తగ్గించినా దెబ్బ తగులుతోంది మరి! పండగనాడు వాడు ఫోన్లో తీసిన థింసా వీడియో కూడా పెట్టి చూశాడు. అది మాత్రం రేకు డబ్బా కొట్టినట్టే ఉంది. పెద్ద శబ్దం రాగానే ఫోన్ తనంతట తానే స్థాయి తగ్గించేసుకుంటుందట. రికార్డింగులో లేనిది ఏ పెట్టె మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అత్తయ్యని పిలవడానికి మనవణ్ణే పంపాను. "నీ కుర్చీ మార్చాను నానమ్మా, ఒక్క పాట విను" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒక్క పాటకని వచ్చినావిడ సినిమా సగం దాకా కూర్చున్నారు. మాటలన్నీ అందాయని కాదు, మధ్యమధ్యలో "ఏమన్నాడు?" అని అడుగుతూనే ఉన్నారు. వాడు చెబుతూనే ఉన్నాడు. మర్నాడు కంచం హాల్లోనే పెట్టమన్నారు.

పది గంటలకి మాత్రం పెట్టె కట్టేస్తాం. పక్కింట్లో చంటిబిడ్డ ఉంది, బేస్ గోడ దాటి పోయినంత సులువుగా ఇంకేదీ పోదు. మీ ఇంట్లోనూ ఇలాంటి పేచీ ఉంటే, ఇంకా పెద్ద పెట్టె కొనకముందే ఒక పూట కుర్చీలు జరిపి చూడండి. పాకేటప్పుడు వీధి తలుపు వేసుకోండి.