పెళ్లి క్యాసెట్లలోని గొంతులు

వీడియో క్యాసెట్‌లో దృశ్యాన్ని, శబ్దాన్ని మోసేవి సన్నని ప్లాస్టిక్ టేపు మీది జిగురుపూతలో పొదిగిన అయస్కాంత కణాలు. జేవీసీ 1976లో ప్రవేశపెట్టిన వీహెచ్‌ఎస్‌కైనా, సోనీ 1985లో తెచ్చిన వీడియో8కైనా, 1989 నాటి హై8కైనా ఆధారం ఇదే. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని క్రమేణా విచ్ఛిన్నమయ్యే ప్రక్రియను జలవిశ్లేషణ అంటారు. ఈశాన్య రుతుపవన కాలంలో తడిగాలి వదలని కావలి వంటి తీరపట్టణంలో, అటకల మీదా ఇనుప బీరువాల్లోనూ పడి ఉన్న క్యాసెట్లకు ఈ ముప్పుతో పాటు బూజు ముప్పు కూడా ఎక్కువే. బూజు పట్టిన టేపును శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే అది హెడ్‌కు అంటుకొని, ఆ తరువాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా నిలిచిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016లో ఉత్పత్తి ఆపివేసినందున, ఉన్న యంత్రాలను కాపాడుకోవడమూ ఈ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో భాగమే.

ఇళ్లలో మిగిలిన పెళ్లి క్యాసెట్లు చాలావరకు స్టూడియోవారు మిక్సింగ్ చేసి ఇచ్చిన ప్రతులు. అనలాగ్ పద్ధతిలో ప్రతికి ప్రతి తీసినకొద్దీ బొమ్మ మసకబారుతుంది. అంతకు మించిన నష్టం శబ్దానిది. తలంబ్రాల వేళ సినిమా పాట పరచడం ఆనాటి ఆనవాయితీ కావడంతో, సన్నాయి మేళమూ, పందిట్లో పెద్దల పలకరింపులూ, వారి నోటి నెల్లూరు యాసా ఆ పాట కింద అణగిపోయాయి. బంధువులెవరో హ్యాండీక్యామ్‌తో తీసి అలాగే ఉంచేసిన ముడి క్యాసెట్‌లో అవన్నీ వినిపిస్తాయి కనుక, బొమ్మ ఎంత వణికినా దానికే మొదటి స్థానం దక్కాలి.

అమెరికా నుండి వచ్చిన చుట్టాల కెమెరాలతో మరొక చిక్కు ఉంది. భారతదేశం అనుసరించిన పాల్ ప్రమాణంలో చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు ఉండగా, అమెరికా వారి ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 చిత్రాలు ఉంటాయి. అందువల్ల అక్కడి టేపుకు ఆ ప్రమాణాన్ని చదవగల యంత్రమే కావాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడమంటే టేపు నుండి వచ్చే విద్యుత్ సంకేతాన్ని సెకనుకు 1.35 కోట్ల సార్లు కొలిచి, పాల్ చిత్రమైతే 720 అడ్డం, 576 నిలువు చుక్కలుగా రాసుకోవడం. టేపు సాగినప్పుడు గీతలు ఒకదానికొకటి పక్కకు జరిగి బొమ్మ అంచులు అలలు తేలుతాయి. వాటిని సరైన వేళకు తెచ్చి నిలిపే పరికరాన్ని టైమ్ బేస్ కరెక్టర్ అంటారు. వెలుగునూ రంగునూ వేరువేరుగా పంపే ఎస్-వీడియో తీగ, రెండింటినీ కలిపి పంపే పసుపు పిన్ను తీగ కన్నా మేలు. ఒక్కో చిత్రం సరి, బేసి గీతల రెండు సగాలుగా నమోదై ఉంటుంది కనుక, ఆ సగాలను ఎక్కించేటప్పుడే కలిపివేస్తే కదలికలో సగం వివరం శాశ్వతంగా పోతుంది. అలాంటి మార్పులన్నీ తరువాత మరో ప్రతి మీద చేసుకోవచ్చు. మూల ప్రతిని డీవీ రూపంలో ఉంచితే గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. ఒక టెరాబైటు డిస్కులో 70 గంటలకు పైగా ఇముడుతుంది. స్థలం ఆదా కోసం మూలాన్నే కుదించి ఇచ్చే దుకాణానికి ముడి క్యాసెట్‌ను అప్పగించకపోవడమే మంచిది.