జూదశాలలో విడిది

దూరప్రయాణము తలపెట్టిన గృహిణికి మొదటి చింత విడిదిని గూర్చియే. చేతిలో సొమ్ము తక్కువ, వెంట జనము ఎక్కువ. పెద్దలకు మంచము, పిల్లలకు పాలు, అందఱకు శుభ్రమగు చోటు కావలయును. చౌకగా దొరకుననగానే మనసు అటు మొగ్గును. అట్టి చౌక యొకటి 2025 వేసవిలో మమ్మెట్లు యోచనలో పడవైచెనో విన్నవించుచున్నాము.

కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముడు బడి సెలవులలో మమ్మును, మావారిని, పిల్లలను, మా అమ్మగారిని తన యింటికి పిలిపించుకొనెను. గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను చూడవలెనని పిల్లలు పట్టుపట్టిరి. త్రోవలో నెవాడా రాష్ట్రమందలి లాస్ వేగాస్ నగరమున రెండు రాత్రులు ఆగవలసియుండెను. అచటినుండి ఆ లోయ దక్షిణపుటంచు సుమారు 280 మైళ్లు.

నెవాడాలో జూదము 1931 నుండి చట్టసమ్మతము. అచటి పెద్ద హోటళ్లలో పెక్కింటికి క్రింద జూదశాల, పైన గదులు. కోటవలె కనబడు ఎక్స్‌కాలిబర్ హోటలు 1990లో సుమారు నాలుగువేల గదులతో వెలసెను. 1968లో తెరవబడిన సర్కస్ సర్కస్ జూదపుబల్లల మీదుగా సర్కసు విన్యాసములు చూపి జనమును ఆకర్షించెను.

తమ్ముడు ఫోనులో ఒక హోటలు చూపి, "అక్కా! సోమ, మంగళవారములలో గది అద్దె నలుబది డాలర్లే" అనెను. మావారు కాగితము, కలము తీసికొనిరి. అద్దెపై రిసార్టు రుసుమని యొకటి కలదు. అది కొన్నినాళ్లలో అద్దెను సైతము మించును. ఆపై నూటికి పదమూడు వంతులకు మించిన పన్ను. కారు నిలుపుటకు మఱికొంత. తప్పనిసరి రుసుములను కలిపియే ధర చూపవలెనని 2025 మే 12 నుండి అమెరికా కేంద్రప్రభుత్వ నిబంధన అమలులోనికి వచ్చినది గాని, రుసుము మాత్రము తొలగిపోలేదు. శుక్ర, శనివారములందును, పెద్ద సభలు జరుగు దినములందును అద్దె పెక్కు రెట్లగును.

ఇది సొమ్ము లెక్క. గృహిణి లెక్క వేఱు. అట్టి హోటళ్ల గదులలో నీళ్లు కాచుకొను సాధనము తఱచుగా ఉండదు. కొన్నిచోట్ల గదిలోని చల్లని పెట్టెలో వస్తువును కదపినంతనే దాని వెల బిల్లులో చేరును. జూదశాలలో పొగ త్రాగుటకు చట్టము అడ్డుచెప్పదు, అమ్మగారికి ఉబ్బసము. గదికి పోవలెనన్నను, భోజనమునకు పోవలెనన్నను తఱచు ఆ శాల నడుమనుండియే నడువవలెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివారు దాటిపోవచ్చునే గాని అచట నిలువరాదు. మా చిన్నవాడు మెఱయు దీపము చూచినచో నిలువక మానడు.

"నాన్నా! గది అంత చౌకగా ఎట్లిత్తురు?" అని పెద్దవాడు ప్రశ్నించెను. మావారు చక్రపుటాటను ఉదాహరించిరి. పెక్కుచోట్ల ఆ చక్రమునకు 38 గళ్లుండును. గడికొక డాలరు చొప్పున అన్నిటిపై 38 డాలర్లు ఒడ్డినచో, ఏ గడి గెలిచినను పందెపు డాలరుతో కలిపి 36 మాత్రమే చేతికి వచ్చును. "తక్కిన రెండు డాలర్లే మన గది అద్దెను తగ్గించుచున్నవి" అనిరి.

తమ్ముడు నవ్వి, "బావగారూ! ఇంత లెక్క యేల? నాకు ఆ రెండు రాత్రులు గది ఉచితముగా ఇత్తుమని వ్రాసియున్నారు" అనెను. ఎందుకిత్తురని మేమడిగితిమి. అతడు బదులు చెప్పలేదు.

అమ్మగారు చేతిలోని జపమాలను ప్రక్కనుంచి, "నాయనా! మీ నాన్నగారును మొదటినాడు ఆడుటకు పోలేదు, చూచుటకే పోయిరి" అనిరి. పేకాటలో రెండెకరముల మాగాణి పోయిన కథ మా యింట ఎవ్వరును ఎత్తరు. ఆనాడు అమ్మగారే ఎత్తిరి.

ఆ రాత్రి అందఱు నిద్రించిన పిదప తమ్ముడు మా చెంతకు వచ్చి కూర్చుండెను. స్నేహితులతో ఆ నగరమునకు పలుమాఱులు పోయెనట. అచట ఆటగానికొక కార్డు నిత్తురు. ఎవరెంత ఒడ్డినదియు దానిద్వారా వ్రాసికొందురు. ఆ లెక్కనుబట్టియే ఉచితపు గదుల పిలుపులు వచ్చును. నాలుగు నెలల యింటి అద్దె అతడట్లు పోగొట్టుకొనెను. వాడు ఇంజనీరు, లెక్క తెలియనివాడు కాడు. ధర్మరాజు మాత్రము జూదమున కీడు కలదని యెఱుగడా? సభాపర్వమున పాండవులకు మొదట లభించినది చక్కని విడిది, సుఖనిద్ర. పాచికలు మఱునాడే గదా!

మేము తమ్ముని నిందింపలేదు. "రేపు జూదశాల లేని చోట గది చూడుము" అని మాత్రమంటిమి. అట్టి విడుదులును ఆ నగరమున కలవు. ముఖ్యవీథికి దూరముగా ఒక సామాన్యపు విడిది కుదిరినది. వెల కొంత హెచ్చు. అయినను రుసుము లేదు, కారుకు చెల్లింపు లేదు, నీళ్లు కాచుకొనుటకు వసతి కలదు. సాయంకాలము వీథికి పోయి, బెల్లాజియో యెదుట జలధారల నాట్యమును కానీ ఖర్చులేక చూచి వచ్చితిమి.

చౌక జూదశాల హోటళ్లు ఎల్లరకు తగవని మా అభిప్రాయము కాదు. వారము నడుమ ఒక్క రాత్రి తలదాచుకొని, వేకువనే లేచి పోవువారికి, ఉబ్బసము లేనివారికి, మొత్తము ధరను ముందే చూచుకొనువారికి అవి మేలే. కాని ధరను చూచుటకు ముందు వెంటవచ్చువారి ముఖములను చూడుడు. వారిలో ఒక్కరికి ఆ బలహీనత యున్నను, ఉచితపు గదియే మిక్కిలి ఖరీదైనది.

ఇంటికి తిరిగివచ్చిన పిదప తమ్ముడు ఆ హోటలువారికి ఉత్తరము వ్రాసెను. ఇట్టి పిలుపులు తనకిక పంపవలదని కోరుకొనుటకు నెవాడా నిబంధనలలోనే వీలు కలదట. వ్రాసిన దానిని ముందుగా అమ్మగారికి చదివి వినిపించెను. ఆమె విని, జపమాల తీసికొనిరి.